గోస్తని వెంట మోటారు సైకిలుపై

రైలులో పోవువాడు ఊళ్ళ పేర్లను చూచును. కాలినడకను పోవువాడు ఊళ్ళను చూచును. మోటారు సైకిలుపై పోవువాని స్థితి ఈ రెండింటికిని నడుమ నుండును. గాలి, దుమ్ము, ఎవరి యింటినుండియో వచ్చు తాళింపు వాసన, ఇవన్నియు వానికి అడుగకయే లభించును. నచ్చినచోట ఆగుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు.

ఒక కార్తిక మాసమున నేనును నా మిత్రుడొకడును అట్టి ప్రయాణమునకు పూనుకొంటిమి. విశాఖపట్టణమున ప్రజలు త్రాగు నీటిలో కొంత భాగము గోస్తనీ నది నుండి వచ్చుచున్నది. ఆ నది సముద్రమున కలియు భీమునిపట్టణము నుండి, అది పుట్టు బొర్రా గుహల వఱకు ఎదురేగి చూడవలెనని మా సంకల్పము. నది పొడవు సుమారు 120 కిలోమీటర్లు. ఇది ఘనమైన సాహసమేమియు కాదు. మా బండియు సాహసములు చేయు వయస్సులో లేదు.

భీమునిపట్టణమున ఒకప్పుడు డచ్చివారు వర్తకము చేసిరి. వారి సమాధులు నేటికిని అచ్చట కలవు. ఎండుచేపల వాసన మమ్ము చాల దూరము సాగనంపెను. తగరపువలస కడ కోల్‌కతా, చెన్నై నగరములను కలుపు జాతీయ రహదారి నదిని దాటుచున్నది. ఇచ్చట నా మిత్రుడొక వింత కనిపెట్టెను. దారి ప్రక్కనుండు కిలోమీటరు రాళ్ళు తలపాగాలు చుట్టుకొన్నట్లు పైభాగమున రంగు పూసికొని యుండును గదా! జాతీయ రహదారి రాతికి పసుపు రంగు, రాష్ట్ర రహదారి రాతికి ఆకుపచ్చ, గ్రామముల దారులలోని రాతికి నారింజ రంగు. చిన్ననాటి నుండి చూచుచున్న రాళ్ళే. కాని అవి మాటలాడుచున్నవని మాకు ఆనాడు తెలిసినది. అది మొదలు రాతి తల కనబడగానే దారి యెవరిదో చెప్పుట మాకొక ఆటయయ్యెను.

పద్మనాభము చేరితిమి. 1794లో విజయనగర ప్రభువగు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి మరణించిన స్థలమిదియే. నేడచ్చట పొలములు ప్రశాంతముగా నున్నవి.

అచ్చటి నుండి కొంతదూరము పోగానే వెనుక చక్రములోని గాలి పోయినది. అదృష్టవశమున చెంతనే ఒక వృద్ధుని పంక్చరు దుకాణముండెను. అతడు ట్యూబును నీటి తొట్టిలో ముంచి త్రిప్పెను. ఒకచోట బుడగలు వరుసగా పైకి వచ్చినవి. అచ్చట అతుకు వేసెను. నా మిత్రుడు తొందరపడి, “ఇక బిగింపుము తాతా!” యనెను. అతడు నవ్వి, “చిల్లి మూసినంతనే యేమాయెను బాబూ? ముల్లింకను టైరులోనే యున్నది గదా!” యనుచు టైరు లోపలి వైపున వ్రేలితో మెల్లగా తడవి, వడ్లగింజ కంటె చిన్నదగు తుమ్మముల్లును పైకి తీసెను. ఆ ముల్లును నా మిత్రుడు కాగితములో చుట్టి జేబులో దాచుకొనెను. ఎందులకో నేనడుగలేదు.

శృంగవరపుకోట దాటిన పిమ్మట కనుమ దారి ప్రారంభమైనది. మలుపులు ఎక్కుచుండగా చెవులు మూసికొనిపోయినట్లుండెను. ఎత్తునకు పోవుకొలది వెలుపలి గాలి ఒత్తిడి తగ్గును. చెవిలోని గాలి కర్ణభేరిని బయటికి నెట్టును. గుటక వేసినచో గొంతునుండి చెవికి పోవు సన్నని నాళము తెఱచుకొని హాయి కలుగును. చలియు క్రమముగా చొక్కాలోనికి ప్రవేశించెను. వేయి మీటర్ల ఎత్తునకు సుమారు ఆఱు డిగ్రీల చొప్పున వేడిమి తగ్గునని పుస్తకములలో చదివియుంటిమి. దానిని మోచేతులతో చదువుట వేఱు! అనంతగిరి ప్రాంతమున సిల్వరు ఓకు చెట్లను మిరియపు తీగెలు అల్లుకొనియుండెను. వాని నీడను కాఫీ పండ్లు ఎఱ్ఱబడుచుండెను.

సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్న బొర్రా గుహలు 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. సున్నపురాతిని వాననీరు కొంచెము కొంచెముగ కరగించును. ఆ నీరు కప్పునుండి బొట్లుగా జాఱునప్పుడు సున్నము మఱల రాయిగా పేరుకొనును. అట్లు వేలాడు రాళ్ళు ఆవు పొదుగులను తలపింపజేయును. గోస్తని యనగా ఆవుచన్ను వంటిది. ద్రాక్షకును సంస్కృతమున ఈ పేరే కలదు. తెనాలి పండితులెవరైన మాతో నుండినచో చర్చ సాయంకాలము వఱకు సాగియుండును! చేతులతో తాకినచో వ్రేళ్ళ జిడ్డు అంటి ఆ రాళ్ళ పెరుగుదల చెడును. అయినను ఒక కుటుంబమువారు పిల్లవానిని ఆ రాతిపై నెక్కించి ఫోటో తీసికొనుచుండిరి. ప్రక్కనే నీటి పాయలో చిరుతిండి సంచియొకటి తేలుచుండెను. నా మిత్రుడు దిగి దానిని తీసెను.

దిగునపుడు, ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగితిమి. అట్లయినచో ఇంజనే బండిని పట్టియుంచును. బ్రేకునే నమ్ముకొన్నచో అది కాగి పట్టు తప్పును.

చీకటి పడుటకు ముందు తాటిపూడి జలాశయము కడ ఆగితిమి. గోస్తని నీరు ఇచ్చట నిలిచి కొంత పొలములకును, కొంత విశాఖ నగరమునకును పోవుచున్నది. గట్టు క్రింద ఒక బాలుడు పాట పాడుకొనుచు గేదెలను తోముచుండెను. గేదెలు పరమానందముగా మునిగియుండెను. నా మిత్రుడు చాలసేపు వానిని చూచి, “ఇంటికి పోగానే త్రాగు నీరు కాచుచున్నావా యని అమ్మను అడిగెదను” అనెను.