బుడ్డశనగ ఎండితే వేరు చూడాలి: పైకి ఒకటిగా కనిపించే మూడు తెగుళ్ళు

కడప జిల్లాలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల నల్లరేగడి భూముల్లో బుడ్డశనగ ముఖ్యమైన రబీ పంట. మైలవరం, పెద్దముడియం, రాజుపాళెం, సింహాద్రిపురం, తొండూరు మండలాల రైతులు అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తనం వేస్తారు. భూమిలోని పదునుతో, చలికాలపు మంచుతో పంట పండుతుంది. ఫిబ్రవరి, మార్చి నాటికి సరుకు అమ్మకానికి వస్తుంది.

ఈ పంటకు ఆకుమీద కనిపించే తెగుళ్ళ కంటె వేరును పట్టే తెగుళ్ళతోనే నష్టం ఎక్కువ. వీటిలో ముఖ్యమైనవి మూడు: ఎండు తెగులు, ఎండు వేరుకుళ్ళు, మొదలు కుళ్ళు. గట్టు మీద నిలబడి చూస్తే మూడూ ఒకే విధంగా వుంటాయి. చేలో అక్కడక్కడ మొక్కలు వాలిపోయి ఎండుతాయి. అయితే మూడింటికీ కారణాలు వేరు, వచ్చే కాలాలు వేరు, నివారణ మార్గాలు కూడా వేరు. మొక్కను వేరుతో సహా తవ్వి చూడకుండా మందు కొంటే ఆ డబ్బు నష్టం ఖాతాలో చేరినట్లే.

ఎండు తెగులు

మన దేశంలో శనగకు ఈ తెగులు వున్నట్లు 1918లోనే బట్లర్ అనే శాస్త్రజ్ఞుడు రాశారు. ఫ్యూజేరియం అనే శిలీంధ్రం దీనికి కారణం. విత్తిన మూడు, నాలుగు వారాలకే ఇది కనిపించవచ్చు. పూత, కాయ దశల్లోనూ రావచ్చు. మొక్క పచ్చదనం పూర్తిగా పోకముందే ఆకుల కాడలు, రెమ్మలు కిందికి వాలతాయి. తర్వాత మొక్క మొత్తం ఎండిపోతుంది.

మొక్కను తవ్వి తీస్తే వేరు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కుళ్ళు వుండదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. మొదలు దగ్గర కాండాన్ని, వేరును కత్తితో నిలువుగా చీల్చాలి. లోపల నీరు పైకి పోయే భాగంలో ముదురు గోధుమ లేదా నల్లని చార కనిపిస్తే అది ఎండు తెగులే. నీటి దారి మూసుకుపోవడంతో భూమిలో పదును వున్నా మొక్కకు అందదు.

ఈ శిలీంధ్రం శనగ పంట లేకపోయినా భూమిలో ఆరేళ్ళ వరకు బతికి వుండగలదు. విత్తనం ద్వారా కూడా వ్యాపిస్తుంది. కంది మొక్కల వేళ్ళలో ఏ గుర్తూ చూపకుండా దాగివుండగలదని కూడా పరిశోధకులు కనుగొన్నారు. కనుక ఒక ఏడాది శనగ మాని కంది వేసినంత మాత్రాన భూమి శుభ్రపడదు.

ఎండు వేరుకుళ్ళు

ఇది సాధారణంగా పూత దాటి కాయ పట్టే దశలో వస్తుంది. పగటి వేడి 30 డిగ్రీలు దాటి, భూమిలో పదును తగ్గినప్పుడు ఉధృతమవుతుంది. ఆకులు, కాండం ఎండుగడ్డి రంగుకు మారతాయి. మొక్కను పట్టి లాగితే సులువుగా వూడి వస్తుంది. తల్లివేరు నల్లబడి, పెళుసుగా విరుగుతుంది. పిల్లవేర్లు దాదాపు వుండవు. వేరు కింది కొస భూమిలోనే వుండిపోతుంది. అందువల్ల లాగి చూడడంతో ఆగక, తవ్వి కూడా చూడాలి.

దీనికి కారణమైన శిలీంధ్రమే జొన్నలో బొగ్గు కుళ్ళును కలిగిస్తుంది. ఎండు తెగులు వున్న చేనికి జొన్నతో పంట మార్పిడి మేలు చేస్తుంది గాని, ఎండు వేరుకుళ్ళు వున్న చేనిలో ఆ మార్పిడి ఒక్కదానినే నమ్ముకుంటే చాలదు. విత్తే అదను, పదును కాపాడడం ముఖ్యం.

మొదలు కుళ్ళు

విత్తిన తర్వాత ఆరు వారాల లోపు వచ్చే తెగులు ఇది. విత్తే సమయంలో భూమి బాగా తడిగా, వాతావరణం వెచ్చగా వుంటే ఎక్కువవుతుంది. ముందు పంట మోళ్ళు, సరిగా చివకని ఎరువు చేలో వుంటే శిలీంధ్రానికి అదే ఆహారం. లేతమొక్క పసుపు రంగుకు తిరిగి చనిపోతుంది. నేలను ఆనుకున్న చోట కాండం కుళ్ళి, దానిమీద తెల్లని బూజు కనిపిస్తుంది. ఆ బూజులో ఆవగింజల వంటి గుండ్రని గింజలు వుంటాయి. తర్వాతి పంటకు తెగులును మోసేవి ఈ గింజలే.

క్లుప్తంగా చెప్పాలంటే, వేరు పైకి బాగుండి లోపల నల్లచార వుంటే ఎండు తెగులు. వేరు నల్లగా పెళుసెక్కి విరిగితే ఎండు వేరుకుళ్ళు. నేలమట్టం దగ్గర తెల్లబూజు వుంటే మొదలు కుళ్ళు.

విత్తనం మీద వచ్చే తగువు

అన్నిగేరి రకం సాగులో వున్న రోజుల్లో ఎండు తెగులు పెద్ద బెడద. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి రూపొందించిన జేజీ 11 రకం 1999లో విడుదలైంది. ఎండు తెగులును తట్టుకోవడం, సుమారు వంద రోజుల్లో కోతకు రావడం వల్ల రాయలసీమలో, ప్రకాశం జిల్లాలో అది విస్తారంగా పాకింది. ఆ తర్వాత నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి ఎన్‌బీఈజీ వరుసలో కొత్త రకాలు వచ్చాయి. వీటిలో ఎన్‌బీఈజీ 47 ఎత్తుగా పెరిగి యంత్రంతో కోయడానికి అనువుగా వుంటుంది.

తెగులును తట్టుకునే రకం అని చెప్పి అమ్మిన విత్తనం వేసిన చేను జనవరిలో ఎండితే, విత్తనం నకిలీదన్న అనుమానం సహజంగా వస్తుంది. రైతుకు, విత్తన వ్యాపారికి మధ్య తగువుకు ఇది కారణమవుతుంది. కాని జేజీ 11 ఎండు తెగులును తట్టుకున్నంతగా ఎండు వేరుకుళ్ళును తట్టుకోలేదు. వేరు నల్లబడి విరుగుతూ వుంటే అంతమాత్రాన విత్తనం నకిలీదని చెప్పలేం. బెట్ట, వేడి ముందు గుర్తుకు రావాలి. చీల్చిన కాండంలో నల్లచారలు చేనంతా కనిపిస్తే మాత్రం విత్తనం సంగతి విచారించవలసిందే. అందుకే కొన్నప్పటి రసీదు, సంచి మీది చీటి కోత దాకా దాచుకోవాలి. తవ్వి తీసిన మొక్కలను వ్యవసాయాధికారికి చూపించాలి.

వ్యాపారుల వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త అవసరం. పప్పు కోసం కొన్న సరుకును విత్తనంగా అమ్మితే, అది ఏ చేనిలో పండిందో తెలియదు. తెగులు వున్న చేని గింజ ఒక వూరి శిలీంధ్రాన్ని మరో వూరికి చేరవేస్తుంది.

విత్తే ముందే చేయవలసినవి

తెగులు తగిలిన మొక్క తిరిగి కోలుకోదు. ఆకులమీద పిచికారీ చేసిన మందు వేరులోని శిలీంధ్రాన్ని చేరదు. కనుక ఖర్చు పెట్టవలసినది విత్తే ముందే.

వేసవిలో లోతు దుక్కి చేసి మట్టిని ఎండకు ఎండనివ్వాలి. ముందు పంట మోళ్ళు ఏరివేయాలి. ఎండు తెగులు వున్న చేనిలో కనీసం మూడు, నాలుగేళ్ళు శనగ మాని జొన్న, కొర్ర వంటివి వేయాలి. తెగులు సోకిన చేని నుంచి విత్తనం దాచుకోకూడదు.

విత్తన శుద్ధికి కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమ్ పట్టించాలి. మందు వద్దనుకునేవారు కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి వాడవచ్చు. రైజోబియం కూడా పట్టించదలిస్తే దానిని చివరగా, విత్తే ముందు పట్టించి నీడలో ఆరబెట్టాలి. భూమికి వేయడానికి 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడి ఆరకుండా నీడలో రెండు వారాలు మాగబెట్టి, ఒక ఎకరానికి చల్లవచ్చు.

అదను కూడా మందు వంటిదే. నేల బురదగా వున్నప్పుడు తొందరపడి విత్తితే మొదలు కుళ్ళుకు దారి ఇచ్చినట్లే. నవంబరు చివరికి జరిపితే కాయ దశ ఎండల్లో పడి ఎండు వేరుకుళ్ళు వస్తుంది. నీటి వసతి వున్నవారు పూతకు ముందు ఒకసారి, కాయ దశలో ఒకసారి తుంపర్లతో తేలికగా తడి ఇవ్వవచ్చు. నీరు నిలవనివ్వకూడదు.

రాబడి లెక్క

మొక్క ఎప్పుడు ఎండిందనే దాన్ని బట్టి నష్టం మారుతుంది. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు హవారే, నేనే 1980లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఎండు తెగులుతో తొలిదశలో ఎండిన మొక్కలో దిగుబడి నష్టం 77 నుంచి 94 శాతం. ఆలస్యంగా ఎండిన మొక్కలో 24 నుంచి 65 శాతం.

ఉదాహరణకు ఎకరాకు 6 క్వింటాళ్ళు పండే చేనిలో నూటికి పది మొక్కలు ఎండాయనుకుందాం. 2025-26 రబీ మార్కెటింగ్ కాలానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. ఆ ధర మీద లెక్క వేస్తే, మొక్కలు తొలిదశలోనే ఎండితే 46 నుంచి 56 కిలోలు, అంటే సుమారు 2,600 నుంచి 3,200 రూపాయలు పోతాయి. ఆలస్యంగా ఎండితే 14 నుంచి 39 కిలోలు, సుమారు 800 నుంచి 2,200 రూపాయల నష్టం. ఇదంతా ఒక్క ఎకరం లెక్క. ఎకరాకు వేసే 30 కిలోల విత్తనానికి కావలసిన థైరమ్ మాత్రం 90 గ్రాములే.

ఆలస్యంగా ఎండితే నష్టం తక్కువని నిశ్చింతగా వుండడానికి లేదు. అటువంటి మొక్కల గింజ తేలికగా, గరుకుగా, నిగారింపు లేకుండా వుంటుందని అదే పరిశోధన తెలిపింది. ఆ గింజ మంచి గింజలో కలిస్తే మొత్తం రాశి ధర తగ్గుతుంది. మద్దతు ధర కొనుగోలులోనూ ముడుచుకున్న, పక్వం కాని గింజలకు పరిమితి వుంది. కనుక ఎండిన మడుల పంటను విడిగా కోసి, విడిగా నూర్చి, జల్లెడ పట్టి అమ్మడం మంచిది. దాని కోసం మిగతా సరుకు ధర పోగొట్టుకోనక్కరలేదు.

చేను చూసే పని మూడుసార్లు పెట్టుకుంటే చాలు: విత్తిన మూడు వారాలకు, పూత దశలో, కాయ పట్టేటప్పుడు. ప్రతిసారీ ఎండిన మొక్కలు నాలుగైదు తవ్వి, చీల్చి చూసి, ఏ మడిలో ఏ తెగులు వుందో రాసిపెట్టుకోవాలి. వచ్చే అక్టోబరులో ఆ మడిలో శనగ వేయాలా, జొన్న వేయాలా, ఏ రకం విత్తనం కొనాలి అన్న ప్రశ్నలకు ఆ చీటీయే ఆధారం.