భుజాలు తడుముకున్నవాడే దొంగా?



గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. ఈ సామెత తెలియని ఇల్లు మన వైపు ఉండదు. బూడిద గుమ్మడికాయ మోసినవాడి భుజానికి తెల్లటి పొడి అంటుకుంటుంది గనుక, ఆ మాట వినగానే దొంగ చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయిందని కథ. తప్పు చేసినవాడు తనంతట తానే బయటపడతాడు, ముఖం చూస్తే మనిషి తెలిసిపోతాడు అన్నది ఇందులోని నమ్మకం. ఈ నమ్మకంతోనే మనం పంచాయితీలో ఎదుటివాణ్ణి చూస్తాం, బడిలో పిల్లవాణ్ణి చూస్తాం, టీవీలో ఇంటర్వ్యూ ఇచ్చేవారినీ చూస్తాం.

అయితే ఆ గుంపులో గుమ్మడికాయ ముట్టని పిరికివాడొకడు ఉండి, నింద తనమీదికి ఎక్కడ వస్తుందోనన్న భయంతో భుజం చూసుకున్నాడనుకోండి. దొంగ మాత్రం గుండె నిబ్బరం గలవాడై చేతులు కట్టుకొని నిలబడ్డాడనుకోండి. అప్పుడు ఎవరు పట్టుబడతారు? సామెత ఈ సంగతి చెప్పదు. ఈ వారం మనం దాన్నే ఆలోచిద్దాం. ఉదాహరణలు సైకిల్ పందేల నుండి తీసుకుంటున్నాను.

సైకిల్ పందేలు ఎందుకు?

సురంగల్, మొయినాబాద్, చేవెళ్ళ దారుల్లో ఒకప్పుడు సైకిల్ అంటే పాలక్యాన్లు, గడ్డిమోపులు. ఇప్పుడు ఆదివారం తెల్లవారేసరికి హెల్మెట్లు పెట్టుకొని నగరం నుండి మర్రిచెట్ల దారిన చేవెళ్ళ వైపు వచ్చే యువతీయువకులు కనబడుతున్నారు. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట కూడా, పైన సౌరఫలకాల కప్పుతో, ప్రారంభమైంది. సైకిల్ మీద ఇష్టం పెరిగినచోట పెద్ద పందేలు చూడాలన్న ఇష్టమూ పెరుగుతుంది. ఆ పందేలలో పెద్దది ఫ్రాన్సు దేశంలో 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్. మూడు వారాలపాటు, మూడు వేల కిలోమీటర్లకు పైగా, ఆల్ప్స్, పిరనీస్ కొండలెక్కి దిగుతూ సాగుతుంది. రోజూ పందెం ముగిసిన కాసేపటికే, చెమట ఆరకముందే, గెలిచినవాడి ముందు మైకు పెడతారు.

క్రికెట్టులో క్యాచ్ జారవిడిస్తే అందరికీ కనబడుతుంది. సైకిల్ పందెంలో అసలు సంగతి కంటికి కనబడదు. రక్తంలో ఎర్రకణాలను పెంచే ఈపీవో అనే మందు తీసుకున్నాడా, తన రక్తాన్నే ముందుగా తీసి దాచుకొని పందెం నడుమ మళ్ళీ ఎక్కించుకున్నాడా అన్నది చూసేవారికి తెలియదు. రక్తం కనబడదు గనుక ప్రేక్షకుడు ముఖం చూస్తాడు. కళ్ళు దించాడా? తడబడ్డాడా? కోపం తెచ్చుకున్నాడా? ఈ గుర్తులను బట్టి తీర్పు చెప్పేస్తాడు. ఆ తీర్పులు ఎంతవరకు నిలిచాయో చూద్దాం.

నమ్మించిన ముఖం

అమెరికా దేశస్థుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996లో వృషణాల క్యాన్సర్ సోకింది. ఊపిరితిత్తులకు, మెదడుకు కూడా పాకింది. దాని నుండి కోలుకొని 1999 నుండి 2005 వరకు వరుసగా ఏడుసార్లు టూర్ గెలిచాడు. ఉత్ప్రేరకాలు వాడావా అని అడిగిన ప్రతిసారీ కళ్ళలోకి సూటిగా చూసి కాదన్నాడు. చావు అంచుదాకా వెళ్ళి వచ్చినవాణ్ణి, మళ్ళీ ప్రాణం మీదికి తెచ్చుకునే పని చేస్తానా అన్న ధోరణిలో మాట్లాడాడు. 2005లో పారిస్ నగరంలో విజయవేదిక మీద మైకు పట్టుకొని, తనను నమ్మనివారిని చూసి జాలిపడుతున్నానని, వారు అద్భుతాలను నమ్మలేనివారని అన్నాడు. ఎక్కడా తడబాటు లేదు. భుజం తడుముకోలేదు.

2012 అక్టోబరులో అమెరికా ఉత్ప్రేరక నిరోధక సంస్థ తన నివేదికను బయటపెట్టింది. వెయ్యి పేజీలకు మించిన ఆధారాలు, 26 మంది ప్రమాణపూర్వక సాక్ష్యాలు, వారిలో 15 మంది సైకిల్ పందెగాళ్ళు. అదే నెలలో అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య అతని ఏడు టైటిళ్ళనూ రద్దు చేసింది. 2013 జనవరి 17, 18 తేదీల్లో ప్రసారమైన ఓప్రా విన్‌ఫ్రే ఇంటర్వ్యూలో ఆర్మ్‌స్ట్రాంగ్ తానే ఒప్పుకున్నాడు. ఈపీవో తీసుకున్నావా? అవును. రక్తం ఎక్కించుకున్నావా? అవును. ఏడు విజయాల్లోనూనా? అవును.

ఇక్కడ మరొక విషయం గమనించండి. ఆ ఇంటర్వ్యూ చూసిన చాలామంది మాట్లాడుకున్నది అతని ముఖం గురించే. కన్నీరు రాలేదు, పశ్చాత్తాపం కనబడలేదు అన్నారు. రెండవ భాగంలో తన కుమారునితో నిజం చెప్పిన సంగతి వచ్చినప్పుడు గొంతు పూడుకుపోతే, అది నిజమైన కన్నీరా కాదా అని వాదించుకున్నారు. కన్నీటిని తూచే త్రాసు మన దగ్గర లేదు. పరీక్షించగల మాట మాత్రం ఆ ఇంటర్వ్యూలోనే ఉంది: 2009, 2010 పందేల్లో తాను ఏమీ వాడలేదని అన్నాడు. ఆ కాలపు అతని రక్తపు లెక్కలు సహజంగా ఏర్పడే అవకాశం పది లక్షల్లో ఒకటికన్నా తక్కువని నివేదికలో నిపుణుని అభిప్రాయం ఉంది. మాటకు మాట, లెక్కకు లెక్క పెట్టి చూడవలసిన చోటు అది.

నమ్మించలేకపోయిన ముఖాలు

సత్యం చెప్పినవారి సంగతి ఏమైంది? ఐర్లండు దేశపు ఎమ్మా ఓ రైలీ అతని జట్టులో క్రీడాకారుల శరీర మర్దన చేసే ఉద్యోగిని. తాను చూసింది పత్రికా రచయిత డేవిడ్ వాల్ష్‌కు చెప్పింది. 2004లో అది పుస్తకంలో వచ్చింది. ఆమె మీద దావా వేశారు, ఆమె శీలం మీద మాట వేశారు. జట్టు సహచరుని భార్య బెట్సీ ఆండ్రూ, 1996లో ఆసుపత్రి గదిలో ఆర్మ్‌స్ట్రాంగ్ తన మందుల సంగతి వైద్యులకు చెబుతుండగా విన్నానని ప్రమాణం చేసి చెప్పింది. అసూయతో మాట్లాడుతోందని ముద్ర వేశారు. ఫ్రాన్సు పందెగాడు క్రిస్టఫ్ బస్సోన్స్ మందుల గురించి పత్రికలో రాసినందుకు 1999 టూర్‌లో అందరూ వెలివేస్తే మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయాడు. 2004 టూర్‌లో ఇటలీ పందెగాడు ఫిలిప్పో సిమియోని ముందుకు దూసుకుపోతుంటే, అతడు ఒక వైద్యుని మీద సాక్ష్యం చెప్పినవాడని, ఆర్మ్‌స్ట్రాంగ్ వెంటపడి వెనక్కి మళ్ళించి, నోరు మూసుకొమ్మన్నట్లు పెదవుల మీద సైగ చేశాడు. లక్షలమంది టీవీలో చూశారు.

ఇంకా చిక్కయిన సంగతి ఫ్లాయిడ్ లాండిస్, టైలర్ హామిల్టన్‌లది. ఇద్దరూ పరీక్షల్లో పట్టుబడి, ఏళ్ళ తరబడి కాదని బుకాయించినవారే. 2010లో లాండిస్, 2011లో సీబీఎస్ టీవీ కార్యక్రమంలో హామిల్టన్ నోరు విప్పినప్పుడు, "వీళ్ళు అబద్ధాలకోరులు, ఇప్పుడు ఎలా నమ్మాలి?" అన్నారు. నిన్న అబద్ధం ఆడినవాడు నేడు నిజం చెప్పవచ్చు. నిన్నటి అబద్ధం నేటి మాటను జాగ్రత్తగా పరీక్షించమంటుంది, పరీక్షించకుండా పారవేయమనదు.

తీర్పు రెండో వైపూ తప్పుతుంది. కెన్యాలో పుట్టిన బ్రిటిష్ పందెగాడు క్రిస్ ఫ్రూమ్ నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడే మనిషి. 2015 టూర్‌లో అతడు ఆధిక్యంలో ఉండగా రోడ్డు పక్కనున్న ప్రేక్షకుడొకడు మందుల మనిషి అని అరుస్తూ మూత్రం విసిరాడని ఫ్రూమ్ చెప్పాడు. టీవీ వ్యాఖ్యాతల ఆధారం లేని అనుమానపు మాటలే దీనికి దారి తీశాయని బాధపడ్డాడు. 2017లో ఉబ్బసపు మందు మోతాదు గురించి అతనిపై వచ్చిన విచారణను సమాఖ్య 2018 జూలైలో ఏ శిక్షా లేకుండా ముగించింది. నాలుగు టూర్ విజయాలు నేటికీ అతని పేరనే ఉన్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను నమ్మి మోసపోయినవారి కోపం తర్వాతి వాడి ముఖం మీద పడింది.

పొగ, నిప్పు

మన దేశపు న్యాయదర్శనంలో అనుమాన ప్రమాణానికి చెప్పే ఉదాహరణ అందరికీ తెలిసిందే. కొండమీద పొగ ఉంది గనుక నిప్పు ఉంది. ఈ అనుమానం ఎందుకు నిలుస్తుంది? నిప్పు లేనిచోట పొగ ఉండదు గనుక. హేతువు సాధ్యం లేనిచోట కూడా కనబడితే దాన్ని సవ్యభిచారమన్నారు, అంటే హేతువులా కనబడే దోషం. కొమ్ములున్నాయి గనుక ఇది ఆవే అనడం లాంటిది. కొమ్ములు గేదెకూ ఉన్నాయి.

చెమట, తడబాటు, దించిన కళ్ళు ఇటువంటివే. అబద్ధికునికీ ఉంటాయి, భయపడిన నిజాయితీపరునికీ ఉంటాయి. అలవాటుపడిన అబద్ధికునికి అసలే ఉండకపోవచ్చు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు బాండ్, డిపాలో అనేవారు అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2006లో ప్రకటించిన ఫలితం ఇదే చెబుతుంది. మాటతీరు, ముఖం చూసి నిజమో అబద్ధమో చెప్పమంటే మనుషులు సగటున నూటికి 54 సార్లు మాత్రమే సరిగా చెప్పగలిగారు. రూపాయి బిళ్ళ ఎగరవేస్తే 50 సార్లు సరిపోతుంది. అబద్ధమాడేవాడు కళ్ళలోకి చూడడన్న నమ్మకం మాత్రం ప్రపంచమంతటా ఉంది. మరి మన పల్లెల్లో పెద్దల ముందు కళ్ళు దించడం మర్యాద కదా! ఇంట్లో నేర్పిన మర్యాదే బయట నేరానికి గుర్తు అయితే ఆ బిడ్డ ఏం చేయాలి?

మంచిగా తలచడం చాలునా?

పునీత అక్వినాసు తోమాసు పదమూడవ శతాబ్దంలో ఈ విషయం చర్చించారు. సందేహం ఉన్నచోట పొరుగువాని గురించి మంచి వైపే తలచాలన్నారు. చెడ్డవాణ్ణి మంచివాడనుకొని తరచూ మోసపోయినా, మంచివాణ్ణి చెడ్డవాడనుకొని అరుదుగా పొరబడడం కన్నా మేలని ఆయన వాదం.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. ప్రపంచం ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి మంచిగా తలచినందువల్లనే కదా పదేళ్ళకు పైగా మోసపోయింది? జాగ్రత్తగా చూడండి. ప్రపంచం అతని గురించి మాత్రమే మంచిగా తలచింది. అతన్ని నమ్మాలంటే ఎమ్మా, బెట్సీ, బస్సోన్స్ అబద్ధికులు కావాలి. పేరుగలవాని మీద చూపిన దయకు పేరులేనివారు వెల చెల్లించారు. అది తోమాసుగారు చెప్పిన దయ కాదు. ఆరోపించినవారూ మన పొరుగువారే, వారి గురించి కూడా మంచిగానే తలచాలి. ఇద్దరి గురించీ మంచిగా తలచినవాడు తొందరపడి తీర్పు చెప్పలేడు, ఆధారాలు వెదకక తప్పదు.

టీవీ ముందు కూర్చున్నప్పుడు

ఇంటర్వ్యూ చూసేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, సరిగ్గా ఏ మాట అన్నాడు? "ఏనాడూ పరీక్షలో పట్టుబడలేదు" అన్నది వేరు, "ఏనాడూ తీసుకోలేదు" అన్నది వేరు. ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి మాటను ఎన్నోసార్లు వాడుకున్నాడు.

రెండవది, అతనికి ఎలా తెలుసు? న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్లు చెప్పగోరేవాడన్నాడు. ఋషి అయినా, మ్లేచ్ఛుడైనా ఈ లక్షణం ఒక్కటే అన్నాడు. హోదా, ముఖవర్చస్సు ఆ లెక్కలో లేవు.

మూడవది, అతని నోటికి బయట ఏముంది? పరీక్షల ఫలితాలు, కాగితాలు, ఒకరితో ఒకరికి సంబంధం లేని సాక్షులు.

నాలుగవది, ఇతన్ని నమ్మితే నేను ఎవరిని అబద్ధికుణ్ణి చేస్తున్నాను? మాట్లాడినందువల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

ఈ నాలుగింటికీ జవాబు దొరకకపోతే "నాకు తెలియదు" అనడం పిరికితనం కాదు. 2023లో టూర్ గెలిచిన డెన్మార్కు పందెగాడు యోనాస్ వింగెగార్డ్, తన కూతురికి ఇవ్వని దేన్నీ తాను తీసుకోనని చెప్పాడు. అదే సమయంలో, గతంలో జరిగిన వాటివల్ల జనం సందేహించడం సబబేనని కూడా అన్నాడు. మొదటి మాట మన మనసును తాకుతుంది, కాని అది రుజువు కాదు. రెండవ మాట మనకు దారి చూపుతుంది. సందేహించవచ్చు, నింద వేయరాదు.

ఫ్రాన్సులో పందెగాడి గురించి మనం ఏమనుకున్నా అతనికి నష్టం లేదు. కాని టీవీ ముందు పడిన అలవాటు వాకిట్లోకి వస్తుంది. ఇంట్లో డబ్బు కనబడకపోతే ముందు పనిమనిషి ముఖం చూస్తాం. హాస్టలులో ఫోను పోతే తల వంచుకున్న పిల్లను నిలదీస్తాం. ఆ పిల్ల అవమానంతో చదువు మానేస్తే, పోయిన ఫోను మంచం కింద దొరికినా ఆ చదువు తిరిగి రాదు. భుజం తడుముకున్నవాణ్ణి పట్టుకునే ముందు, ఆ భుజానికి పొడి ఉందో లేదో చూడండి.

కుటుంబంలో, యువజన కూటమిలో చర్చకు:

1. ముఖం చూసి మనం తప్పుగా అంచనా వేసిన సందర్భాలు మన ఊళ్ళో ఉన్నాయా? అసలు నిజం ఎలా బయటపడింది?

2. పేరున్నవాని మీద పేదవాడు ఫిర్యాదు చేసినప్పుడు ఇద్దరినీ సమానంగా వింటున్నామా?

3. ఈ వారం టీవీలో వచ్చిన ఒక ఇంటర్వ్యూను పై నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి. ఎన్నింటికి జవాబు దొరికింది?