దుఃఖానికి తోడు స్వరం: దుదుక్ నేర్పిన పాఠాలు

మాది సన్నాయి మేళం కుటుంబం. గుడిలో, పెళ్లి పందిట్లో ఊది బతికినవాళ్లం. ఆ చెవులతోనే ఆర్మేనియా వాళ్ల దుదుక్ అనే ఊదే వాద్యాన్ని ఏళ్ల తరబడి వింటూ వచ్చాను. మన భాష కాదు, మన రాగం కాదు, అయినా విన్న వెంటనే గుండె ఎందుకు బరువెక్కుతుందని నా దగ్గర నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

1. ముందు రెండో మనిషిని వినండి

దుదుక్ సంప్రదాయంలో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు పాట వాయిస్తారు. రెండోవారు ఒకే స్వరాన్ని తెగకుండా పట్టుకుంటారు. దాన్ని ‘దమ్’ అంటారు. బుగ్గల్లో నిలిపిన గాలిని వాద్యం పీకలోకి నెడుతూనే ముక్కుతో కొత్త ఊపిరి తీసుకోవాలి. మన మేళంలో ఒత్తు పట్టేవారి విద్య కూడా ఇదే.

పాట వాయించేవారు పైకి పోతారు, కిందికి జారుతారు, ఒక్కోసారి గొంతు పూడుకుపోయినట్టు ఆగుతారు. కింద ఆ స్వరం మాత్రం కదలదు. చావింట్లో ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చునే దగ్గరి చుట్టం లాంటిది దమ్. దుదుక్ వింటే కన్నీళ్లొస్తాయి గానీ మనసు కుంగిపోదు. ఆ శోకం ఒంటరిది కాదు, దానికి తోడుంది. ఈ వాద్యం బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం. తక్కిన పాఠాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

2. పలికే స్వరాలు తక్కువని చిన్నచూపు చూడకండి

దుదుక్ పొడవు 28 నుంచి 40 సెంటీమీటర్ల లోపే. ఒక్కో వాద్యం పలికేది ఇంచుమించు ఒక స్థాయి, ఆపైన కొద్దిగా. మూడు స్థాయిల్లో పరుగులు పెట్టాలనుకునేవారికి ఇక్కడ చోటు లేదు. అందుకే దుదుక్ విద్వాంసులు ఒక్కో స్వరం లోపలికి దిగుతారు. రంధ్రాన్ని సగం మూసి, పెదవి బిగువు మార్చి, ఒక స్వరం నుంచి పక్క స్వరానికి జారుతూ వెళతారు. గమకం తెలిసిన మనకు ఆ జారుడు విలువ వెంటనే తెలుస్తుంది. బిర్కాల, అంటే గుత్తులుగా దొర్లే స్వరాల, వేగంతో సభను మెప్పించవచ్చు. మనిషిని కదిలించాలంటే ఒక్క స్వరం దగ్గర ఆగడం రావాలి.

3. మెత్తదనం వెనక పనితనం చూడండి

సన్నాయి గొట్టం పైన సన్నగా మొదలై కిందికి వెడల్పవుతుంది. అందుకే దాని నాదం ఊరంతా వినబడుతుంది. దుదుక్ గొట్టం లోపల మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పు. జంట రెల్లు పీక బిగించిన అలాంటి గొట్టం తన పొడవుకు మించిన మంద్ర స్వరం పలుకుతుంది. జానెడో మూరెడో ఉన్న కర్రలోంచి నడివయసు మనిషి గొంతు వినిపించడానికి కారణం అదే.

కర్ర ఆప్రికాట్ చెట్టుది. హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠా చేసే పండు ఆ చెట్టుదే. కోసిన కర్రను ఏళ్ల తరబడి ఆరనిచ్చి గాని చెక్కరు. పీకకు కావలసిన రెల్లు అరాక్స్ నది ఒడ్డున పెరుగుతుంది. మన పీకల కంటే అది చాలా పెద్దది, వెడల్పైనది. వాయించే ముందు తడిపి, నోరు తెరుచుకునేదాకా ఓపిక పట్టాలి. తొందరపడితే పలకదు.

4. ఏ వాద్యం ఎక్కడ పలకాలో తెలుసుకోండి

ఆర్మేనియాలో మన సన్నాయికి దగ్గరి వరస జుర్నా. ఢోలు పక్కన ఆరుబయట మోగుతుంది, పెళ్లివారిని నడిపిస్తుంది. దుదుక్ నాలుగు గోడల మధ్య, కూర్చున్నవాళ్ల కోసం పలికేది. దూరాన ఉన్నవారిని పిలవాల్సిన పని దానికి లేదు. దగ్గర ఉన్నవారితో మాట్లాడితే చాలు. అందుకే వినేవారికి అది తమ ఒక్కరితోనే చెబుతున్నట్టు ఉంటుంది.

5. ఆ జాతి పడిన కష్టం తెలిసి వినండి

కోమితాస్ అనే మతగురువు ఉండేవారు. పుట్టింది 1869లో. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. ఊరూరా తిరిగి పల్లె పాటలు రాసుకున్నారు. 1915 ఏప్రిల్ 24న ఆటోమన్ ప్రభుత్వం కాన్‌స్టాంటినోపుల్‌లో ఆర్మేనియన్ పెద్దలను పట్టుకుపోయినప్పుడు ఆయన్నీ తీసుకుపోయింది. ఆ తర్వాత లక్షల మంది ఆర్మేనియన్లు హతమయ్యారు. కోమితాస్ ప్రాణాలతో తిరిగొచ్చారు గానీ మనసు చెదిరిపోయింది. చివరి ఏళ్లు ఫ్రాన్స్‌లో మానసిక చికిత్సాలయంలో గడిపి 1935లో పోయారు. ఆయన రాసుకున్నవాటిలో చాలా చెల్లాచెదురైపోయాయి. మిగిలిన పాటలే ఈనాటికీ దుదుక్ మీద పలుకుతున్నాయి.

పాడిన ఊళ్లు పోయినా పాట నిలిచింది. ఆ సంగతి తెలిశాక ఆ దమ్ మరో రకంగా వినిపిస్తుంది. పోయినవారి కోసం ఎవరో ఇంకా ఊపిరి పట్టుకుని నిలబడ్డారు అనిపిస్తుంది.

6. దాన్ని ఏడుపుకే కట్టేయకండి

ప్రపంచానికి దుదుక్‌ను చేర్చినవారిలో జివాన్ గాస్పర్యాన్ పెద్దవారు. 1928లో పుట్టి 2021లో కన్నుమూశారు. సోవియట్ రోజుల్లో ఆయన చేసిన రికార్డును సంగీతకారుడు బ్రయాన్ ఈనో సంస్థ 1989లో పాశ్చాత్య దేశాల్లో విడుదల చేసింది. 2000లో ‘గ్లాడియేటర్’ సినిమాలోనూ ఆయన వాయించారు. అప్పటి నుంచి ఎడారి కనిపించినా, శవం కనిపించినా నేపథ్యంలో దుదుక్ పెట్టడం సినిమావాళ్లకు అలవాటైంది.

అది ఆ వాద్యానికి న్యాయం కాదు. సొంత గడ్డ మీద దుదుక్ పెళ్లిళ్లలో పలుకుతుంది, నాట్యాలకు పలుకుతుంది, ప్రేమ పాటలు పలుకుతుంది, అంత్యక్రియల్లోనూ పలుకుతుంది. సంతోషంలో తమతో ఉన్న నాదమే కాబట్టి దుఃఖంలోనూ దాన్ని జనం నమ్మారు. మన సన్నాయిని ముహూర్తం వేళ మోగే శబ్దంగా మాత్రమే ఎంచితే మనకెంత నొప్పో, వాళ్లకూ అంతే.

7. ఒత్తు పట్టేవారిని పోగొట్టుకోకండి

దుదుక్ సంగీతాన్ని యునెస్కో 2005లో మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చింది. ఆ వాద్యం పుట్టిన పల్లెల్లోనే వేడుకల్లో వినబడడం తగ్గిందని, వేదికల మీది కచేరీగా మారిపోతోందని అప్పుడే హెచ్చరించింది కూడా. మన మేళాలకూ ఈ జబ్బు పట్టి చాలాకాలమైంది. మనం ఇంకో అడుగు ముందుకు వేసి, ఒత్తు పట్టే మనిషిని తీసేసి అక్కడ శ్రుతి పెట్టె పెట్టాం.

పెట్టెకు శ్రుతి తప్పదు, నిజమే. కానీ అది ముందున్న మనిషి ఊపిరి వినదు. ఆయన అలిసిన చోట కాస్త దన్ను ఇవ్వలేదు, ఆయన మెత్తబడిన చోట తానూ తగ్గలేదు. ఆర్మేనియన్ గురువులు శిష్యులను దమ్ పట్టడానికి పక్కన కూర్చోబెట్టుకుంటారు. పాట వాయించే అర్హత అక్కడ కూర్చునే వస్తుంది. మీరు కూడా మీ మేళంలో ఒత్తుకు ఒక మనిషిని పెట్టుకోండి. సంభావనలో సమాన వాటా ఇవ్వండి. కొత్తగా నేర్చుకునే పిల్లలను మొదట ఆ పనిలోనే ఉంచండి. పక్కవారి పాటను మోయడం వచ్చినవారికే తమ పాటతో నలుగురిని ఓదార్చడం వస్తుంది.