డాలెక్‌లు : ద్వేషానికి రూపం

పాఠ పరిచయం : భయం మనిషికి సహజం. ప్రతి కాలమూ తన భయానికి ఒక రూపం కల్పించుకుంటుంది. టెలివిజన్ యుగం కల్పించుకొన్న అటువంటి ఒక రూపాన్ని గురించి, దాని వెనుక ఉన్న నిజాన్ని గురించి ఈ వ్యాసం తెలుపుతుంది.

రాక్షసులు లేని కథాలోకం లేదు. మన ఇతిహాసాల్లో పది తలల రావణుడు, బండెడు అన్నం తినే బకాసురుడు ఉన్నారు. జానపద కథల్లో బేతాళుడున్నాడు. 1990 దశకంలో కర్ణాటకలో ఒక వదంతి వ్యాపించింది. రాత్రివేళ ఒక ఆడదయ్యం తెలిసినవారి గొంతుతో పిలుస్తుందనీ, తలుపు తీసినవారు బ్రతకరనీ జనం చెప్పుకొన్నారు. అందుకని తలుపుల మీద, గోడల మీద ‘నాళె బా’ అని వ్రాసుకొన్నారు. తెలుగునాట అదే ‘ఓ స్త్రీ రేపు రా’ అయింది. దయ్యం ఆ మాట చదివి వెనుదిరిగి పోతుందని వారి నమ్మకం.

తలుపు మీద రెండు మాటలు వ్రాస్తే తీరిపోయే భయం అది. కాని, మూసిన తలుపులు కూడా ఆపలేని భయం ఒకటుంది. అది మనిషి మనస్సులో పుట్టే ద్వేషం. ఆ ద్వేషానికి ఇనుప తొడుగు తొడిగి చూపిన కథ డాలెక్‌ల కథ.

బ్రిటన్‌లోని బి.బి.సి. టెలివిజన్‌లో 1963 నవంబరు 23న ‘డాక్టర్ హూ’ అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహిక ఆరంభమైంది. దాని మొదటి కథకు దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ మన లక్నోలో జన్మించినవారే. ఇందులో ‘డాక్టర్’ అనే గ్రహాంతరవాసి నీలిరంగు పెట్టెవంటి కాలయంత్రంలో భూత భవిష్యత్ కాలాలకు, ఇతర గ్రహాలకు ప్రయాణిస్తుంటాడు. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ‘ఆదిత్య 369’ చిత్రంలో నాయకుడు కాలయంత్రమెక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి పోవడం మీలో చాలామంది చూచి ఉంటారు. ఇదీ అటువంటి ప్రయాణమే.

ధారావాహికకు రూపకల్పన చేసినవారిలో ముఖ్యుడైన సిడ్నీ న్యూమన్, గ్రుడ్లు మిటకరించే వికృతజీవులు తన కార్యక్రమంలో ఉండరాదని ముందే చెప్పాడు. అయినా రెండవ కథలోనే డాలెక్‌లు వచ్చాయి. 1963 డిసెంబరు 21న ప్రసారమైన భాగం చివర, ఒంటరిగా చిక్కుకొన్న ఒక స్త్రీ వైపు ఏదో యంత్రపు చేయి మాత్రమే కదలివచ్చింది. ఆమె కెవ్వున అరచింది. అంతటితో ఆ భాగం ముగిసింది. పూర్తి ఆకారం చూడడానికి ప్రేక్షకులు వారం రోజులు ఆగవలసి వచ్చింది.

కథను వ్రాసినవాడు టెర్రీ నేషన్. ఆకారాన్ని కల్పించినవాడు రేమండ్ క్యూసిక్. వేషం కట్టిన మనిషి అని ఎవరూ గుర్తించకుండా ఉండాలని దానికి కాళ్ళు లేకుండా చేశారు. లోపల కూర్చున్న నటుడు తన పాదాలతో నేలను తన్ని దానిని నడిపేవాడు. కాడకు అమర్చిన ఒక కన్ను, ఒక తుపాకి, చివర రబ్బరు గిన్నెవంటిది గల ఒక చేయి – ఇంతే దాని అంగాలు. నటుల గొంతును విద్యుత్ పరికరం ద్వారా పంపి గరగరలాడే కంఠాన్ని సృష్టించారు. ‘నిర్మూలించండి’ అన్నదే వాటి ఊతపదం. పిల్లలు భయపడుతూనే సోఫా వెనుక దాగి మరీ చూచేవారట!

చాలామంది డాలెక్‌ను మరమనిషి అనుకొంటారు. అది పొరపాటు. లోహపు తొడుగు లోపల ఒక ప్రాణి ఉంది. 1963 నాటి కథ ప్రకారం, స్కారో అనే గ్రహంలో రెండు జాతుల మధ్య అణుయుద్ధం జరిగింది. డాలెక్‌ల పూర్వులు ఒకప్పుడు ఉపాధ్యాయులు, తత్త్వవేత్తలు. థాల్‌లు యోధులు. యుద్ధానంతరం థాల్‌లు ఆయుధాలు విడిచి సేద్యం పట్టారు. జ్ఞానులైన డాలెక్‌లు మాత్రం రూపం చెడి, యంత్రాలలో దూరి, నగరపు గోడల వెనుక ద్వేషాన్ని పెంచుకొన్నారు. ఆహారమిస్తామని థాల్‌లను పిలిచి వారిపై కాల్పులు జరిపారు. థాల్‌లు చేసిన తప్పేమిటి? తమలాంటివారు కాకపోవడమే! చదువు ఉన్నంత మాత్రాన దయ ఉండదని ఈ కథ హెచ్చరిస్తుంది.

ఇది వట్టి ఊహ కాదు. టెర్రీ నేషన్ 1930లో కార్డిఫ్‌లో జన్మించాడు. అతని బాల్యం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో గడిచింది. జర్మనీలో హిట్లర్ నాయకత్వంలోని నాజీలు తమ జాతి ఒక్కటే శ్రేష్ఠమని చాటి, సుమారు 60 లక్షల యూదులను చంపించారు. ఆ నాజీల పోలికలనే అతడు డాలెక్‌లకు పెట్టాడు.

1975లో వచ్చిన కథ డాలెక్‌ల పుట్టుకను కొంత మార్చి చెప్పింది. అందులో దావ్రోస్ అనే శాస్త్రజ్ఞుడు జాలి అన్నదే ఎరుగని జీవులుగా వాటిని సృష్టిస్తాడు. చివరకు అవి అతనిమీదనే తుపాకి ఎక్కుపెడతాయి. వరమిచ్చిన శివునినే తరిమిన భస్మాసురుడు మనకు గుర్తుకు వస్తాడు. అదే కథలో డాలెక్‌లను పుట్టుకలోనే నాశనం చేసే అవకాశం డాక్టర్‌కు చిక్కుతుంది. రెండు తీగలను కలిపితే చాలు. కాని అతని చేయి ఆగింది. ఒక జాతిని మొత్తంగా తుడిచివేస్తే తనకూ వాటికీ భేదమేమిటని అతడు తన్ను తాను ప్రశ్నించుకొన్నాడు.

2005లో వచ్చిన మరొక భాగంలో, సంకెళ్ళలో ఉన్న ఒంటరి డాలెక్‌ను రోజ్ అనే యువతి జాలితో తాకుతుంది. ఆ స్పర్శతో దానిలో మానవ గుణాలు ప్రవేశిస్తాయి. అది తొడుగు తెరచి మొదటిసారి సూర్యకాంతిని అనుభవిస్తుంది. అయినా తాను మునుపటివలె లేనన్న సంగతిని సహించలేక తన్ను తానే నాశనం చేసుకొంటుంది. భేదాన్ని సహించని ద్వేషానికి చివరి ఆహుతి ద్వేషించేవాడే.

మన బొమ్మసంద్ర పారిశ్రామిక ప్రాంతంలో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ మాట్లాడేవారు ఒకే కార్ఖానాలో ప్రక్కప్రక్కన నిలిచి పని చేస్తారు. వారి పిల్లలు ఒకే వీధిలో ఆడుకొంటారు. ఎవరి మాట వారిది, ఎవరి పండుగ వారిది. ‘వాళ్ళు మనవాళ్ళు కారు’ అన్న మాట ఎవరి నోటనైనా వినిపిస్తే అక్కడే ఆగి ఆలోచించాలి. డాలెక్‌కు ప్రాణం పోసినది ఆ మాటే. దానిని మన నాలుక మీదికి రానీయకుండడమే మనం చేయగల కాపలా.

అర్థాలు
వదంతి = పుకారు
ధారావాహిక = భాగాలు భాగాలుగా వచ్చే కథ
నిర్మూలించు = సమూలంగా నాశనం చేయు
సేద్యం = వ్యవసాయం
ఆహుతి = హోమంలో వేసేది, బలి

అభ్యాసం
1. డాలెక్‌కు కాళ్ళు లేకుండా ఎందుకు చేశారు?
2. డాలెక్‌ను మరమనిషి అనడం ఎందుకు పొరపాటు?
3. డాక్టర్ రెండు తీగలను కలపడానికి ఎందుకు సంకోచించాడు? మీరైతే ఏమి చేసేవారు? కారణాలు వ్రాయండి.
4. భస్మాసురుని కథను మీ ఇంటిలో పెద్దలను అడిగి తెలుసుకొని, సొంతమాటల్లో చెప్పండి.