పెద్దవారి కండబలం, గుండెబలం

విద్యార్థులారా! 2020 మార్చి చివరి వారంలో దేశమంతటా లాక్‌డౌన్ విధించిన రోజులు మీకు గుర్తున్నాయా? మా త్రిపురారంలో అప్పుడు సాగర్ ఎడమకాలువ కింద యాసంగి వరి కోతకు వచ్చింది. మా అమ్మకు 78 ఏళ్ళు. నేను సైన్సు మాస్టరును కదా! ఆమెను వెనుక గదిలో ఉంచి, "గడప దాటవద్దమ్మా" అన్నాను.

ఎందుకంటారా? మన రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. దీనినే బాలగ్రంథి అంటారు. ఎముక మజ్జలో పుట్టిన టి-కణాలు శత్రువులను గుర్తించే శిక్షణ పొందేది ఇక్కడే. వయసు పెరిగేకొద్దీ ఈ గ్రంథి కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది. అందుచేత ముసలివారి దేహం ఎరిగిన రోగాన్ని గుర్తుపడుతుంది కాని, కొత్త వైరస్ ఎదురైతే తడబడుతుంది. పాత జ్ఞాపకం ఎంత గట్టిదో చూడండి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాను పసితనంలో చూసిన 32 మంది వృద్ధుల రక్తాన్ని అమెరికాలో పరీక్షించారు. 90 ఏళ్ళు గడిచినా ఆ వైరస్‌ను గుర్తుపట్టే ప్రతిరక్షకాలు వారిలో ఉన్నాయని 2008లో ప్రకటించారు! కరోనా మాత్రం అందరికీ కొత్తదే.

కనుక దూరం ఉంచటం సబబే. నా పొరపాటు వేరే ఉంది. మూడు వారాలకు అమ్మ మంచం దిగబోయి గోడ పట్టుకుంది. జ్వరం లేదు, దగ్గు లేదు. కాళ్ళలో సత్తువ పోయింది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ తరిగిందని 2007లోనే తేలింది. కండరాల పాఠం చెప్పే నేనే ఇది మరిచాను. మీ తాతగారు చేతులు ఆనించకుండా అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో పక్కన నిలబడి లెక్కించండి. కాళ్ళ సత్తువకు వైద్యులు చేసే పరీక్ష ఇదే.

"నన్ను గాజుబొమ్మను జేసినవు. పొద్దుగాల పెరట్ల నాలుగు సుట్లు తిరగనియ్యి" అంది అమ్మ. తిరిగింది. బియ్యంలో రాళ్ళు ఏరింది. సాయంత్రం మిర్యాలగూడలోని చెల్లెలితో ఫోనులో గంటసేపు నవ్వులు! టీవీ చూసి బెంబేలెత్తింది నేనే. ఇది మా ఇంటి వింత కాదు. 2020 జూన్‌లో అమెరికాలో జరిపిన సర్వేలో 18–24 ఏళ్ళవారిలో దాదాపు సగంమందికి ఆందోళన లక్షణాలు కనిపించాయి. 65 దాటినవారిలో నూటికి ఆరుగురికే. వయసుతోపాటు మనసును అదుపు చేసుకునే నేర్పు పెరుగుతుందనీ, ఉన్న కొద్దిమంది ఆత్మీయులనే గట్టిగా పట్టుకుంటారనీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంటారు. పలకరించే మనిషే లేని ముసలివారి సంగతి వేరు సుమా!

2021 మార్చి 1న 60 దాటినవారికి టీకాలు మొదలయ్యాయి. టీకా అంటే కొత్త శత్రువు ఆనవాలును దేహానికి ముందే చూపించటమే. ఆ నెలలోనే అమ్మను తీసుకువెళ్ళాను. ఆటో ఎక్కమంటే ఎక్కలేదు, నడిచే వచ్చింది. దారిలో రెండుసార్లు ఆగింది, నా కోసం.