న్యూక్లియర్ మెడిసిన్ గదిలో ఫిజిక్సు చదివిన మనిషికి ఏం పని?



పెద్ద ఆసుపత్రులలో, అన్ని వార్డులకూ కాస్త దూరంగా, ఒక తలుపు ఉంటుంది. దాని మీద పసుపు రంగు బోర్డు, బోర్డు మధ్యలో ఫ్యాను రెక్కల్లాంటి మూడు రెక్కల గుర్తు. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, ఎముకల స్కాను, గుండె స్కాను అవసరమైనవారు ఆ తలుపు దాటి లోపలికి వెళ్ళి ఉంటారు. వెంట వచ్చిన బంధువులు మాత్రం ఆ బోర్డు చూసి మెల్లగా ఇంకో బెంచీ మీదికి జరుగుతారు. వారిని తప్పు పట్టలేము. 'అణు' అన్న మాట చెవిన పడితే మనకు మొదట గుర్తొచ్చేది బాంబే కదా!

లోపల డాక్టరుగారు, నర్సు, స్కాను తీసే టెక్నాలజిస్టు ఉంటారని మీకు తెలుసు. వీరు కాక మరొకరు కూడా ఉంటారు. ఆయన వైద్యం చదవలేదు, ఫిజిక్సు చదివారు. మందుచీటీ రాయరు, నాడి చూడరు. కానీ రోగి నోటిలోకి గానీ నరంలోకి గానీ వెళ్ళే రేడియోధార్మిక మందు కొలత సరిగా ఉందని పూచీ పడేది ఆయనే. బ్రిటన్‌లో ఈ ఉద్యోగాన్ని క్లినికల్ సైంటిస్ట్ అంటారు. అక్కడ రిజిస్టరులో పేరు లేనివారు ఆ హోదా వాడుకోవడం చట్టవిరుద్ధం. మన దేశంలో మెడికల్ ఫిజిసిస్ట్ అంటారు. చాలా చోట్ల రేడియేషన్ భద్రతాధికారి బాధ్యత కూడా ఆయనదే. నేను ఆ పని చేసినవాణ్ణి కనుక, ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో మీకు చెప్పాలని ఈ పాఠం రాస్తున్నాను.

తార్నాక చుట్టుపక్కలే అన్నీ

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో తార్నాకలో ఇద్దరు మిత్రులతో కలిసి అద్దె గదిలో ఉండేవాణ్ణి. ప్రయోగశాలలో గైగర్ కౌంటరు ముందు కూర్చుని టిక్కు టిక్కుమనే శబ్దాలు లెక్కపెట్టి గ్రాఫు గీసేవాళ్ళం. ఆ గ్రాఫు మార్కుల కోసమే అనుకున్నాను. ఒక తల్లి కడుపులోని బిడ్డకూ దానికీ సంబంధం ఉంటుందని అప్పుడు నాకు తోచలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఈ విద్యకు కావలసినవన్నీ మేము టీ తాగే చౌరస్తాకు కొద్ది కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. ఒకవైపు 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం. ఉప్పల్ దారిలో సీసీఎంబీ. ఆ ఆవరణలోనే అణుశక్తి శాఖకు చెందిన బ్రిట్ సంస్థ పరిశోధకుల కోసం రేడియోధార్మిక భాస్వరంతో రసాయనాలు తయారుచేసే ప్రయోగశాల పెట్టింది. దానికి 'జొనాకి' అని పేరు. బెంగాలీలో మిణుగురు పురుగు అని అర్థం. ఇంతకంటే మంచి పేరు దొరకదేమో! చీకట్లో తనున్న చోటు తానే చెప్పే పురుగు కదా అది. ఇంకోవైపు బస్సెక్కితే ఈసీఐఎల్. 1967లో మొదలైన ఆ సంస్థ రేడియేషన్ కొలిచే పరికరాలు తయారుచేస్తుంది. దానికి దగ్గరలోనే 1971లో ఏర్పడిన అణు ఇంధన సంస్థ ఉంది.

ఇక తార్నాకలోనే ఉన్నది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు చిన్న పరిశోధన కేంద్రంగా మొదలుపెట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. మెక్‌కారిసన్ అంతకుముందు గిల్గిట్ లోయలో గొంతు వాపు జబ్బు, అంటే గాయిటర్, మీద చాలా పని చేసినవాడు. ఆయన మొదలుపెట్టిన సంస్థే తరువాతి కాలంలో ఇనుము, అయొడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించింది. మన కథ ఈ ఉప్పు దగ్గరే మొదలవుతుంది.

గ్రంథికి తేడా తెలియదు

మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథికి అయొడిన్ కావాలి. పెద్దవారికి రోజుకు సుమారు 150 మైక్రోగ్రాములు చాలు. అంటే ఆవగింజలో ఎన్నో వంతో కూడా కాదు. రక్తంలో అయొడిన్ కనబడితే చాలు, గ్రంథి లాగేసుకుంటుంది. అది ఉప్పులోంచి వచ్చిన మామూలు అయొడినా, రేడియోధార్మిక అయొడినా అన్న తేడా దానికి తెలియదు. రెండింటి రసాయన గుణం ఒక్కటే.

ఈ అమాయకత్వాన్నే వైద్యం వాడుకుంటుంది. గ్రంథి అతిగా పనిచేసి మనిషి చిక్కిపోతుంటే, గుండె దడ, చేతుల వణుకు వస్తుంటే, అయొడిన్-131 అనే మందును మాత్రగానో ద్రవంగానో మింగిస్తారు. అది నేరుగా గ్రంథిలో చేరుతుంది. దాని బీటా కణాలు సుమారు రెండు మిల్లీమీటర్ల లోపే ఆగిపోతాయి కనుక దెబ్బ చాలావరకు గ్రంథికే తగులుతుంది. ఈ చికిత్స 1941లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైంది.

ఇలా రేడియోధార్మిక పదార్థాన్ని గూఢచారిలా పంపే ఆలోచన అంతకంటే పాతది. 1911లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేస్తున్న హెవెసీ అనే యువకుడికి తన ఇంటి యజమానురాలి భోజనం మీద అనుమానం వచ్చింది. ఆదివారం మిగిలిన కూరనే వారమంతా వేషం మార్చి వడ్డిస్తోందని! పళ్ళెంలో మిగిలిన దానిలో కాస్త రేడియోధార్మిక పదార్థం కలిపాడు. కొన్ని రోజులకు బల్ల మీదికి వచ్చిన వంటకం దగ్గర పరికరం పెడితే దొంగతనం బయటపడింది. ఆ పద్ధతినే శాస్త్రానికి వాడినందుకు ఆయనకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. అద్దె గదిలో ఉండి మెస్సులో తిన్న మాకు ఈ కథ బాగా నచ్చేది.

పొద్దున్నే లెక్క

మిగతా మందులకూ వీటికీ ఒక పెద్ద తేడా ఉంది. మందుల కొట్లో మాత్ర రేపటికీ అంతే ఉంటుంది. ఈ మందు అలా ఉండదు. అయొడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. స్కానులలో ఎక్కువగా వాడే టెక్నీషియం-99ఎం ఆరు గంటలకే సగమవుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా, తాళం వేసి ఉంచినా, సగమే.

అందుకే టెక్నీషియాన్ని నిలవ ఉంచరు. దాన్ని పుట్టించే మాలిబ్డినం ఉన్న జనరేటరును తెప్పించి, పొద్దున్నే అవసరమైనంత తీసుకుంటారు. ప్రయోగశాల భాషలో ఆ జనరేటరు 'ఆవు', ఆ పని 'పాలు పితకడం'. మాలిబ్డినం 66 గంటలకు సగమవుతుంది కనుక వారం గడిచేసరికి ఆవు వట్టిపోతుంది, కొత్తది రావాలి. పితికిన ప్రతిసారీ పాలలో మాలిబ్డినం తొంగిచూసిందేమో పరీక్షించాలి. హద్దు దాటితే ఆ సరుకు రోగికి ఇవ్వరాదు. అంతకుముందే, కొలిచే యంత్రం సరిగా చదువుతోందా అని 30 ఏళ్ళకు గాని సగం కాని సీజియం-137 ముక్కతో సరిచూసుకోవాలి. గామా కెమెరా అన్ని వైపులా ఒకేలా చూస్తోందా అన్నదీ రోజూ చూడాలి. కెమెరాలో ఒక మూల మసకబారితే, లేని గడ్డ ఉన్నట్టూ, ఉన్న గడ్డ లేనట్టూ కనబడవచ్చు. ఈ పనులన్నీ మీరు బయట టోకెను తీసుకునే వేళకే అయిపోయి ఉంటాయి.

ఒక చిన్న లెక్క చూడండి. పదకొండు గంటలకు ఎముకల స్కాను రోగికి 20 మిల్లీక్యూరీలు ఇవ్వాలి. మందు ఏడు గంటలకే సిద్ధం చేశారు. నాలుగు గంటల్లో దానిలో సుమారు 63 శాతమే మిగులుతుంది. కనుక ఏడు గంటలకు 32 ఉండాలి. రోగి ట్రాఫిక్కులో చిక్కుకుని సాయంత్రం ఐదుకు వస్తే పదకొండుకు ఉన్న 20 కాస్తా 10 అయి ఉంటుంది. అపాయింటుమెంటు వేళకు రమ్మని సిబ్బంది గట్టిగా చెప్పేది ఇందుకే. దర్పం కోసం కాదు.

నేను అడగని ప్రశ్న

ఇప్పుడు అసలు సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్లగొండ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. థైరాయిడ్ అతిగా పనిచేస్తోంది. 10 మిల్లీక్యూరీల అయొడిన్ రాశారు. మాత్ర సీసపు డబ్బాలో సిద్ధంగా ఉంది. రెండుసార్లు కొలిచాను, చీటీ మీద పేరు సరిచూశాను, సమయం రాశాను. నా లెక్కలో పొరపాటు లేదు.

ఫారంలో 'గర్భవతియా?' అన్న గడి ఒకటి ఉంటుంది. అమ్మాయి పక్కనే అత్తగారు, మామగారు నిలబడి ఉన్నారు. అడగడానికి నాకు సిగ్గేసింది. వార్డులో అడిగే ఉంటారులే అనుకుని 'కాదు' అని నేనే గీత పెట్టబోయాను. మా నర్సు సిస్టర్ నా చేతిలోంచి ఫారం తీసుకుని, "ఏమ్మా, నెల ఎప్పుడొచ్చింది?" అని అడిగింది.

అమ్మాయి తల వంచుకుంది. అత్తగారే జవాబు చెప్పింది. "పెండ్లయి ఏడేండ్లాయె సిస్టరమ్మా, ఇగ యాడి పిల్లలు? మందియ్యిండ్రి, బస్సు వోతది."

సిస్టర్ వినలేదు. అమ్మాయిని ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళింది. నెల తప్పి మూడు వారాలైందని అప్పుడు చెప్పింది. థైరాయిడ్ జబ్బులో నెలసరి ఎటూ సరిగా రాదు కనుక పట్టించుకోలేదట. మూత్ర పరీక్ష చేయిస్తే రెండు గీతలు వచ్చాయి.

మాత్రను మళ్ళీ సీసపు డబ్బాలో పెట్టి అల్మరాకు తాళం వేశాను. ఆ రోజు నా చేతులు వణకడం నాకు బాగా గుర్తు. సుమారు పది, పన్నెండు వారాలకు కడుపులోని బిడ్డ థైరాయిడ్ కూడా అయొడిన్ లాక్కోవడం మొదలుపెడుతుంది. దానికీ తేడా తెలియదు. తల్లికి ఇచ్చిన మందు బిడ్డ గ్రంథిని పుట్టకముందే నాశనం చేయగలదు. అంతకుముందు నెలల్లోనైనా ఇది ఇవ్వదగిన మందు కాదు. ఎంత చక్కగా కొలిచినా, ఆ రోజు ఆ అమ్మాయికి సరైన కొలత సున్నా.

కాబట్టి అక్కాచెల్లెళ్ళారా, ఎవరు పక్కనున్నా సరే, ఈ గదిలో మూడు సంగతులు దాచకండి. నెల తప్పిందా, బిడ్డకు పాలిస్తున్నారా, ఈ మధ్య రంగు మందు ఎక్కించి సీటీ స్కాను తీశారా. పాలిచ్చే తల్లికి అయొడిన్-131 ఇవ్వాలంటే కనీసం ఆరు వారాల ముందే పాలు మాన్పించాలి, ఆ బిడ్డకు మళ్ళీ పట్టరాదు. టెక్నీషియం స్కాను అయితే కొద్ది గంటల విరామం చాలవచ్చు, ఎన్ని గంటలో అక్కడివారు చెబుతారు. సీటీ రంగు మందులో అయొడిన్ చాలా ఉంటుంది. గ్రంథి దానితోనే కడుపు నింపుకుని మన మందును తీసుకోదు. అందుకే కొన్ని వారాలు ఆగమంటారు. మందు తీసుకున్నాక ఆరు నెలల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.

ఇంటికి వెళ్ళాక

అయొడిన్ మాత్ర మింగినవారు కొన్ని రోజులు తామే ఒక చిన్న దీపంలాంటివారు. నీళ్ళు బాగా తాగండి, మూత్రం ద్వారా చాలా మందు బయటకు పోతుంది. మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్ళు వదలండి. విడిగా పడుకోండి. చంటిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి. అమ్మమ్మలకు ఈ ఒక్కటే కష్టంగా ఉంటుంది! ఎన్ని రోజులన్నది మీకిచ్చిన కాగితంలో రాసి ఉంటుంది. మెట్రోలోనో బస్సులోనో గంటల తరబడి ఒకరి పక్కనే ఆనుకుని కూర్చోకండి. విమానం ఎక్కేవారు ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం దగ్గర ఉంచుకోండి, అక్కడి పరికరాలు మిమ్మల్ని కనిపెట్టవచ్చు. క్యాన్సరుకు ఎక్కువ మోతాదు తీసుకున్నవారిని విడి గదిలో ఉంచి, మీటరు దూరంలో కొలిచి, తగ్గాకే ఇంటికి పంపుతారు. ఆ కొలిచేది కూడా మన ఫిజిసిస్టే.

మరి రోజూ ఆ గదిలో ఉండేవారి సంగతేమిటని అడుగుతారు. వారి జేబుకు ఒక బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపి, ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క కడతారు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం అయిదేళ్ళ సగటున సంవత్సరానికి 20 మిల్లీసీవర్టులు దాటరాదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు.

పిల్లల్ని ఈ దారిలో చదివించాలనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. ఎమ్మెస్సీ ఫిజిక్సు తరువాత రేడియలాజికల్ ఫిజిక్సులో డిప్లొమా ఒక మార్గం, న్యూక్లియర్ మెడిసిన్‌లోనే ఎమ్మెస్సీ మరొకటి. ముంబయిలోని పరేల్‌లో 1963లో ఏర్పాటైన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ ఈ విద్యకు మన దేశంలో పుట్టిల్లు. కోర్సుకు నియంత్రణ మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకుని మరీ ఫీజు కట్టండి.

నల్లగొండ అమ్మాయికి డాక్టరుగారు గర్భిణులకు తగిన మాత్రలు రాసి పంపారు. రెండేళ్ళు దాటాక ఆమె మళ్ళీ వచ్చింది. పాలు మాన్పించి రెండు నెలలైందట. బయట బెంచీ మీద అత్తగారి ఒళ్ళో పాప బిస్కెట్టు తింటోంది. ఈసారి ఫారం తీసుకుని, నెల ఎప్పుడొచ్చిందని నేనే అడిగాను.