ఓడినవాడి బస్సు కిరాయి

ముథోల్, తానూరు, కుభీర్, భైంసా దిక్కు ఊళ్లలో జాతర అంటే సాయంత్రం కుస్తీ ఉండాల్సిందే. పంట ఇల్లు చేరి, వానలు ఇంకా పడని నెలల్లో సరిహద్దు అవతల నాందేడ్ వైపు నుంచి పైల్వాన్లు దిగుతారు. చిన్న పిల్లలు కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెడతారు. చీకటి పడే వేళకు ఇనామ్ పెరుగుతూ పోయి, ఆఖరి జోడీ వెండి కడెం కోసం తలపడుతుంది. మైకులో తెలుగు, మరాఠీ, హిందీ కలగలిసి వినిపిస్తుంటాయి.

ఈ పోటీలు నడిపే వీడీసీ (గ్రామాభివృద్ధి కమిటీ) పెద్దలకు, యువజన సంఘాల వాళ్లకు, రోజూ కూలికో ఆటోకో పోతూ జాతరల కాలంలో లంగోటి కట్టే తమ్ముళ్లకు కొన్ని పనికొచ్చే సంగతులు చెప్పాలని ఇది రాస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్తాను. చందా పుస్తకం తెరిచినప్పుడు మొదటి పద్దుగా ఓడిపోయి వెళ్లేవాడి బస్సు కిరాయి, తిండి, దెబ్బ తగిలితే దవాఖానా ఖర్చు రాయండి. కడెం ఎన్ని తులాలన్నది ఆ తర్వాత తేల్చుకోండి.

జోడీ ఎలా కుదురుతుందో చూసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఒకడు చొక్కా విప్పి చెయ్యెత్తి మట్టి చుట్టూ నడుస్తాడు. జనంలోంచి ఇంకొకడు లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంటాడు. పెద్దమనిషి ఒకాయన ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి భుజాలు చూస్తాడు, మెడ చూస్తాడు, కమిలి ముడుచుకుపోయిన చెవులు చూసి ఎవడు ఎన్నేళ్లు తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, నలిగాడో అంచనా కడతాడు. నిమిషాల్లో ఒకడు చిత్ అవుతాడు. గెలిచినవాడికి ఇనామ్, పైగా జనం చుట్టూ తిరిగితే చేతిలో పడే పదులూ వందలూ. ఓడినవాడు మట్టి దులుపుకుని బట్టలు వెతుక్కుంటాడు. వాడు కూడా అంతే దూరం నుంచి, ఆ పూట కూలి వదులుకుని వచ్చాడు. వాడు రాకపోతే అసలు కుస్తీయే లేదు కదా.

ఓడినవాడికీ లెక్క ఉండే చోటు చూడాలంటే ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలోని చిన్న రెజ్లింగ్ కంపెనీల సంగతి చెప్పుకోవాలి. టీవీలో మన పిల్లలు చూసే రకం, అంటే గెలుపోటములు ముందే అనుకుని ఆడే ఆట వాళ్లది. అక్కడ ఐటీవీ 1988లో రెజ్లింగ్ ప్రసారం ఆపేసింది. ఆ తర్వాత ఆట చిన్న హాళ్లలో బతికింది. గ్లాస్గోలో ఐసీడబ్ల్యూ అనే కంపెనీ 2006లో మొదలైంది, లండన్‌లో ప్రోగ్రెస్ అనే కంపెనీ 2012లో తొలి పోటీ పెట్టింది. అలాంటి చిన్న హాళ్లలోనే మొదలుపెట్టి, 2016లో ఐసీడబ్ల్యూ గ్లాస్గోలోని హైడ్రో అరీనాకు, 2018లో ప్రోగ్రెస్ లండన్‌లోని వెంబ్లీ అరీనాకు వేల మందిని రప్పించగలిగాయి. టీవీ అండ లేకుండా ఇది ఎలా కుదిరింది? తేదీ ముందే చెప్పారు, అదే హాలుకు మళ్లీ మళ్లీ పిలిచారు, చూసేవాళ్లకు మల్లయోధుల పేర్లూ వాళ్ల మధ్య పగలూ గుర్తుండేలా చేశారు. అలా కుదిరిన అభిమాని నెలనెలా టికెట్ కొన్నాడు, బయట బల్ల మీద తన ఆటగాడు పరిచి పెట్టుకున్న టీషర్టు కూడా కొన్నాడు.

ఆ కంపెనీల నుంచి మనం తీసుకోవాల్సింది మరొకటుంది. అక్కడ ఒప్పుకున్న ఆటకు ఫీజు ఇద్దరికీ ఉంటుంది. ఓడిపోవడం కూడా ఆటలో చేసే పనే. మన మట్టి కుస్తీ నిజమైన పోటీ, గెలిచినవాడికి ఎక్కువ రావాల్సిందే. కానీ రావడానికీ, బరిలో దిగడానికీ ఇద్దరికీ ఒక కనీస మొత్తం ఉండొచ్చు. లక్ష రూపాయల చందా వచ్చిందనుకుందాం. అందులో 30,000 పక్కన పెట్టి, 60 జోడీల్లో ఓడిన ఒక్కొక్కరికి 500 ఇస్తే సరిపోతుంది. కడెం బరువు కొంచెం తగ్గుతుంది. మరుసటి ఏడు వచ్చే పైల్వాన్ల సంఖ్య మాత్రం తగ్గదు, ఎందుకంటే ఏ ఊళ్లో మర్యాద దొరుకుతుందో తాలీం నుంచి తాలీంకు కబురు పోతూనే ఉంటుంది.

ప్రయాణం డబ్బు ఎంత బరువో ఈ ఆట చరిత్రలోనే ఉంది. స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చిన ఖాశాబా జాధవ్ సతారా జిల్లా పైల్వాన్. 1952లో హెల్సింకీ వెళ్లడానికి ఆయన ఇంటింటికీ తిరిగి చందా అడగాల్సి వచ్చింది. కొల్హాపూర్‌లో ఆయన చదివిన కాలేజీ ప్రిన్సిపాల్ తన ఇల్లు కుదువ పెట్టి డబ్బిచ్చారు. కంచు పతకం ఆ డబ్బు మీద వచ్చింది.

ఇక ఏర్పాట్లు. మట్టిని రెండు రోజుల ముందే మోకాలి లోతు దున్నించి, రాళ్లూ గాజు పెంకులూ మొలలూ ఏరించండి. వీలైతే జల్లెడ పట్టించండి, పోటీకి ముందు నీళ్లు చిలకరించి తిరగేయించండి. గట్టి నేల మీద వేసిన ఒక్క ఎత్తుకు భుజం జారిపోతుంది. జోడీలను కంటితో కలపడం పెద్దవాళ్లకు సరే, పిల్లలకు వద్దు. పత్తి, సోయా తూచే కాంటా ఊళ్లో ఉండనే ఉంది, పిల్లలను దాని మీద నిలబెట్టి బరువు రాసుకోండి. ఆధార్ చూసి వయసు రాసుకోండి. తామర, గజ్జి, చీము పుండ్లు ఉన్నవాణ్ని ఆ రోజుకు కూర్చోబెట్టండి. అది ఒకరి నుంచి తాలీం మొత్తానికి అంటుకుంటుంది.

మెడ దెబ్బ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పడినవాడు లేవకపోతే నలుగురూ చేరి చేతులు పట్టి లాగేస్తారు, ప్రేమతోనే లాగుతారు. ఆ లాగుడుతోనే వెన్ను నరం తెగొచ్చు. మెడ కదలకుండా తలను రెండు వైపులా పట్టుకుని, 108 వచ్చేదాకా అలాగే ఉంచాలి. ఈ పని ఎవరు చేస్తారో ముందే అనుకోండి. పీహెచ్‌సీ డాక్టరుకు తేదీ చెప్పి ఉంచండి, పోలీసు అనుమతి పత్రం మీద అంబులెన్స్ నిలిచే చోటు రాయండి, ఆ దారిలో బండ్లు పెట్టనివ్వకండి.

చిన్న పిల్లలు, ఆడపిల్లలు దిగే చోట నియమాలు ఇంకా కచ్చితంగా ఉండాలి. 2020లో బ్రిటన్ రెజ్లింగ్‌లో ఎందరో అమ్మాయిలు తమకు జరిగిన వేధింపులను బయటపెట్టారు. 2021లో అక్కడి పార్లమెంటు సభ్యుల బృందం, శిక్షణ కేంద్రాలను క్రీడా సంస్థల్లాగే చూసి కట్టుదిట్టం చేయాలని నివేదిక ఇచ్చింది. అరీనా నిండినంత మాత్రాన లోపల అంతా సవ్యంగా ఉన్నట్టు కాదని అప్పుడు తేలింది. 2023లో మన మల్లయోధురాళ్లే వేధింపులపై నిరసనగా ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. అమ్మాయిల బట్టలు మార్చుకునే గది, వాళ్లతో వచ్చే తల్లి లేదా అక్క, బరువు తూచే మహిళ, ఈ మూడూ లేకపోతే ఆ జోడీని ప్రకటించకండి.

ఇప్పుడు పైల్వాన్ తమ్ముళ్లకు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వాళ్లెవరైనా ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరొచ్చు. ఏడాదికి 20 రూపాయలు, జూన్ 1 నుంచి మే 31 దాకా. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. దవాఖానా బిల్లు ఇందులో రాదు, దానికి ఆరోగ్యశ్రీ ఎంతవరకు అక్కరకొస్తుందో ముందే కనుక్కోండి. కమిటీ వాళ్లు బృంద ప్రమాద బీమా తీసుకుంటే, కుస్తీలో తగిలిన దెబ్బకు వర్తిస్తుందా అని కంపెనీని అడిగి జవాబు రాతలో తీసుకోవాలి.

మట్టి మీదే ఆగిపోకండి. సర్టిఫికెట్లూ కోటా ఉద్యోగాలూ మ్యాట్ ఆటకే వస్తాయి. అక్కడ మూడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో 30 సెకన్లు. ఫ్రీస్టయిల్‌లో 10 పాయింట్ల ఆధిక్యం వస్తే ఆట ముగిసినట్టే. మట్టిలో పట్టు పట్టి ఓపిగ్గా కాచుకునే అలవాటు అక్కడ నష్టం చేస్తుంది, అందుకే 15, 16 ఏళ్లకే మ్యాట్ ఎక్కాలి. నాలుగో తరగతిలో చేర్చుకునే క్రీడా పాఠశాలలు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఉన్నాయి. ఏ ఆటకు కోచ్ ఉన్నారో అడిగి పిల్లలను పంపండి. ఆడే వయసు దాటినవాళ్లకు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. తాలీం నడిపే ఉస్తాద్ చేతిలో ఆ కాగితం ఉంటే బడిలో, కాలేజీలో మాట చెల్లుతుంది.

ఇక టీవీ రెజ్లింగ్ సంగతి. ఆ రకం ఆట నడిపే డబ్ల్యూడబ్ల్యూఈ 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలిలో పోటీ పెట్టి జాన్ సీనాను దింపింది. రెజ్లింగ్ ట్రంప్ కార్డులతో ఆడుకుంటూ పెరిగిన మన కుర్రాళ్లకు అది పండుగే. ఆ దారిలో పోవాలనుకుంటే జలంధర్‌లో గ్రేట్ ఖలీ శిక్షణ కేంద్రం ఉంది. ఏ కేంద్రానికైనా డబ్బు కట్టే ముందు ఫీజు, బస, దెబ్బ తగిలితే ఎవరి ఖర్చు, ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. టీవీలో చూసిన ఎత్తులు ఇంటి మేడ మీద, పరుపు మీద మాత్రం వేయకండి. వాళ్ల రింగు కింద చెక్క, నురుగు పొరలు ఉంటాయి, పడటమే నెలల తరబడి నేర్చుకుంటారు.

కుస్తీలు ముగిసిన రాత్రే లెక్క తేల్చండి, రేపు రమ్మనకండి. గెలిచినవాడి దగ్గరా ఓడినవాడి దగ్గరా సంతకం తీసుకుని, పక్కనే పేరు, ఊరు, బరువు, ఫోన్ నంబరు, తగిలిన దెబ్బ రాసుకోండి. వచ్చే జాతరకు జోడీలు కలపడానికి ఆ పేజీలే ఆధారం. దెబ్బ తగిలినట్టు రాసి ఉన్నవాడికి వారం తర్వాత కమిటీ నుంచి ఒక ఫోన్ పోవాలి.